శీనూ అంటే ముగ్గురు పలికే వీధి

మౌస్ ఎంత కదిపినా తెర మీద బాణం కదలడం లేదు. పైగా నేను వేలు కూడా పెట్టకముందే మీటలన్నీ నొక్కి ఉన్నాయని ప్రోగ్రాం అనుకుంటోంది. మౌస్ చెడిపోయిందేమోనని ఇంకో స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి తగిలించి చూశాను. అక్కడ చక్కగా పరుగెత్తింది. మౌస్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ కూడా మంచిదే. కంప్యూటరూ మంచిదే. వాటి మధ్యలో తగిలించి ఉన్న జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్‌ని విడిగా పెట్టి చూస్తే అదీ మంచిదే. ఎవరికి వారు మంచివాళ్లే, ఒక గడపలోకి చేరితేనే పేచీ. ఆ పేచీ ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి తేలింది జాయ్‌స్టిక్ వాడు వినాల్సినంత వినకుండా పలుకుతున్నాడని.

పాత హోమ్ కంప్యూటర్లకి అదనపు సరంజామా తగిలించుకునే వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం తప్పదు. ఈ రోజు మనం కంప్యూటర్‌కి ఏదైనా గుచ్చితే, నువ్వెవరు, నీకేం కావాలి అని కంప్యూటరే అడిగి, ఒక నంబరిచ్చి కూర్చోబెడుతుంది. నలభై ఏళ్ల కిందట అలా అడిగే పెద్దమనిషి లేడు. వచ్చినవాళ్లు తమంతట తాము సర్దుకుని కూర్చోవాలి. ఎలా సర్దుకున్నారు, ఎక్కడ సర్దుకోలేకపోయారు అన్నది తెలుసుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి ఉదాహరణ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్.

బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ దాన్ని 1982 ఏప్రిల్ 23న విడుదల చేసింది. 16 కిలోబైట్ల మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని దాని తర్వాతి రూపమైన స్పెక్ట్రమ్ ప్లస్‌ని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. కాబట్టి ఈ కథ మనకు మరీ పరాయిదేమీ కాదు.

దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే పెట్టెకి ఒక వెడల్పాటి కంత కనిపిస్తుంది. అందులో సాకెట్టూ లేదు, మూతా లేదు. లోపలి సర్క్యూట్ బోర్డు అంచే నేరుగా బయటికి చూస్తూ ఉంటుంది. ఆ అంచు మీద పైన 28, కింద 28 రాగి పట్టీలు. అయిదో చోట బోర్డుని చిన్న గాడిలా కోశారు. తగిలించే వస్తువులో సరిగ్గా అక్కడ ఒక అడ్డు ఉంటుంది కాబట్టి అటూ ఇటూ జరిగి కూర్చోదు. బోర్డు అంచునే కనెక్టర్‌గా వాడుకోవడం వల్ల ఒక ఖరీదైన భాగం ఖర్చు తప్పింది. సింక్లెయిర్ యంత్రాలన్నిటిలోనూ ఈ పైసా పైసా లెక్క కనిపిస్తుంది. 48 కిలోబైట్ల యంత్రంలో పై 32 కిలోబైట్ల కోసం వాడినవి సగం చెడిపోయిన 64 కిలోబిట్ల చిప్పులు. తయారీలో ఒక సగం దెబ్బతిన్నవాటిని ఏ సగం బాగుందో చూసి వేరుచేసి చవగ్గా అమ్మేవాళ్లు. బోర్డు మీద ఒక చిన్న తీగ ముక్క పెట్టి, ఏ సగం వాడుకోవాలో చెప్పేవాళ్లు. ఎనిమిది చిప్పులకీ ఒకే వైపు సగం బాగుండాలి. ఈ రోజు అందులో ఒక చిప్పు పోతే, కొత్తది వేసేవాళ్లు ముందు ఆ తీగ ఎటుందో చూసుకోవాలి.

ఆ రాగి పట్టీల మీద ఏముందంటే, దాదాపు అంతా ఉంది. జడ్80 ప్రాసెసర్‌కి ఉన్న పదహారు అడ్రస్ లైన్లు, ఎనిమిది డేటా లైన్లు, చదువుతున్నానో రాస్తున్నానో చెప్పే లైన్లు, కరెంటు, అన్నీ ఉన్నది ఉన్నట్టు బయటికి తెచ్చి పెట్టారు. నడివీధిలోకి నేరుగా తెరుచుకున్న వంటిల్లు లాంటిది. ఎవరైనా వచ్చి ఏదైనా వండుకోవచ్చు, ఏదైనా ఒలకబోయవచ్చు. ఈ ధారాళమే లేకపోతే ప్రింటర్లు, జాయ్‌స్టిక్‌లు, డిస్క్ డ్రైవులు, సంగీతం పెట్టెలు అన్ని వందల రకాలు పుట్టేవి కావు. గొడవలూ ఆ ధారాళం నుంచే పుట్టాయి.

ప్రాసెసర్ బయటి వస్తువుతో మాట్లాడాలంటే ముందు దాని నంబరు పలకాలి. దానికే పోర్టు అని పేరు. నంబరు పలకడమంటే అడ్రస్ లైన్ల మీద ఒకట్లూ సున్నాలూ పేర్చడమే. తర్వాత, ఆ నంబరు నాదే అనుకున్న వస్తువు తన సమాధానాన్ని డేటా లైన్ల మీద పెడుతుంది. చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

వీధి చివర నిలబడి ఒకావిడ “శీనూ!” అని కేక వేసిందనుకోండి. మా వీధిలోనైతే ముగ్గురు తలలు బయట పెడతారు. ఇంటిపేరుతో సహా, ఫలానావారి రెండో అబ్బాయి అని పిలిస్తే ఒక్కడే వస్తాడు. ఎలక్ట్రానిక్స్‌లో కూడా అంతే. అడ్రస్ లైన్లన్నీ పూర్తిగా చూసి, అన్నీ సరిపోతేనే పలికే వస్తువు ఇంటిపేరు విని పలికే మనిషి లాంటిది. ఒకటో రెండో లైన్లు మాత్రమే చూసి పలికేది ఉత్త “శీనూ”కి పలికే మనిషి. మొదటి పద్ధతికి చిప్పులు ఎక్కువ కావాలి, రెండోదానికి ఒక్క తీగ చాలు.

సింక్లెయిర్ ఒక్క తీగ పద్ధతే ఎంచుకున్నాడు. స్పెక్ట్రమ్ గుండెకాయ అనదగ్గ పెద్ద చిప్పు, ఫెరాంటి కంపెనీ చేసిపెట్టిన యూఎల్ఏ, కీబోర్డునీ శబ్దాన్నీ క్యాసెట్‌నీ చూసుకుంటుంది. దాని నంబరు 254 అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, నిజానికి అది చూసేది ఎ0 అనే చివరి లైను ఒక్కటే. ఆ లైను సున్నా అయితే చాలు, పలుకుతుంది. అంటే సరిసంఖ్యలన్నీ దానివే. ప్రింటర్ ఎ2 ఒక్కటే చూస్తుంది. 1983లో వచ్చిన ఇంటర్‌ఫేస్ 1, అంటే మైక్రోడ్రైవ్ అనే చిన్న టేపు చుట్టలని నడిపే పెట్టె, ఎ3, ఎ4 లైన్లని చూస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో లైను పంచి ఇచ్చేశారు. నీ లైను సున్నా అయినప్పుడు పలుకు, మిగతా అప్పుడు గమ్మున ఉండు, అంతే ఒప్పందం.

ఇది బద్ధకం అనుకునేవాళ్లున్నారు. నేను అనుకోను. నాలుగైదు వస్తువులకి మించి తగిలించరన్న లెక్కలో ఇంత చవకైన, ఇంత తేలికైన పంపకం ఇంకోటి లేదు. పైగా వాళ్లు దాన్ని దాచిపెట్టలేదు. కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకంలోనే ఆ విషయం రాశారు. సొంతంగా పరికరాలు చేసుకునేవాళ్లు కింది అయిదు లైన్లనీ ఎప్పుడూ ఒకట్లుగానే ఉంచాలని, అందుకని 32 గుణిజానికి ఒకటి తక్కువగా ఉండే నంబర్లు వాడుకోవడం మంచిదని సలహా ఇచ్చారు. 31, 63, 95, 127, అలా 255 దాకా. ఎనిమిది నంబర్లు, ఊరందరికీ.

స్పెక్ట్రమ్ ఆటలు ఆడినవాళ్లెవరికైనా 31 అనగానే కెంప్‌స్టన్ గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ పక్కనున్న ఊరు అది. ఆ ఊరి పేరే పెట్టుకున్న కంపెనీ ఒకటి జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ చేసి, పుస్తకం చెప్పిన వరుసలో మొదటి నంబరు 31ని తీసుకుంది. దాని పని చాలా తేలిక. 31ని చదివితే కుడి, ఎడమ, కింద, పైన, కాల్పు అనే అయిదు బిట్లు వస్తాయి. నొక్కితే ఒకటి, లేకపోతే సున్నా. వందలాది ఆటలు దానికి అనువుగా వచ్చాయి. వెంటనే అందరూ దాన్ని నకలు కొట్టారు. తర్వాత అదే కంపెనీ మౌస్ తెచ్చింది. మౌస్ నంబర్లలో కింది సగం, అంటే కింది ఎనిమిది లైన్ల మీద పలికేది, 223. ఏడు ముప్పై రెండ్లు 224, అందులో ఒకటి తక్కువ. ఇదీ పుస్తకం చెప్పిన నంబరే.

ఇప్పుడు నా బల్ల దగ్గరికి వద్దాం. 31ని బిట్లుగా రాస్తే 00011111. 223ని రాస్తే 11011111. ఎడమ నుంచి చూడండి, ఎ7, ఎ6, ఎ5. మొదటిదానిలో మూడూ సున్నాలు. రెండోదానిలో ఎ5 మాత్రమే సున్నా. జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ ఈ మూడు లైన్లనీ చూసేదైతే మౌస్‌ని పిలిచినప్పుడు నోరు మెదపదు. నా దగ్గరున్నదేమో పేరూ ఊరూ లేని నకలు. విప్పి చూస్తే అందులోకి వచ్చిన అడ్రస్ లైను ఒక్కటే, ఎ5. దాని దృష్టిలో 31కీ 223కీ తేడా లేదు. “శీనూ” అంటే చాలు, అది పలికేస్తుంది.

రెండు వస్తువులు ఒకేసారి డేటా లైన్ల మీద మాట్లాడితే ఏమవుతుంది? ఒకటి లైనుని 5 వోల్టుల వైపు లాగుతుంది, ఇంకోటి సున్నా వైపు. ఆ కాలపు టీటీఎల్ చిప్పుల్లో కిందికి లాగే చెయ్యి బలమైనది, పైకి లాగేది బలహీనం. కాబట్టి మామూలుగా సున్నాదే పైచేయి. ఎవరూ ముట్టుకోని జాయ్‌స్టిక్ అన్నీ సున్నాలే చెబుతుంది. మౌస్ తన జాగా 147 అని చెప్పినా, 90 అని చెప్పినా ప్రాసెసర్‌కి చేరేది సున్నాయే. జాగా మారకపోతే బాణం కదలదు. మౌస్ మీటల విషయంలో రివాజు తిరగేసి ఉంటుంది. అక్కడ నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. అందుకే నేను ముట్టుకోకుండానే అన్నీ నొక్కి ఉన్నట్టు కనిపించాయి. రెండు వింతలకీ కారణం ఒక్కటే అని తెలిసిన క్షణం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ ఇంటర్‌ఫేస్‌లో 7432 అనే చిప్పు ఉంది. అందులో నాలుగు గేట్లుంటే చేసినవాళ్లు రెండే వాడుకున్నారు, రెండు ఖాళీగా ఉన్నాయి. ఎ6, ఎ7 లైన్లు అదే కనెక్టర్ మీద, అరంగుళం దూరంలో ఉన్నాయి. ఒక రాగి గీత కోసి, అయిదు సన్నటి తీగలు సోల్డరింగ్ చేస్తే జాయ్‌స్టిక్‌కి ఇంటిపేరు వచ్చింది. చిప్పులోనే చోటుండగా ఆ రెండు లైన్లు ఎందుకు కలపలేదో నాకు అర్థం కాదు. మౌస్ ఇంకా పుట్టని రోజుల్లో చేసి ఉండొచ్చు. ఎ5ని వేరే ఎవరూ వాడని వీధిలో ఉత్త “శీనూ” సరిపోతుంది మరి.

ముగ్గురు పలకడం ఒక చిక్కైతే, ఎవరూ పలకకపోవడం ఇంకో చిక్కు. జాయ్‌స్టిక్ తగిలించని స్పెక్ట్రమ్‌లో 31ని చదివితే సున్నా రావాలి కదా అనిపిస్తుంది. రాదు. డేటా లైన్లని ఎవరూ పట్టుకోనప్పుడు అవి గాల్లో వేలాడుతుంటాయి. ఆ క్షణానికి యూఎల్ఏ తెర మీద బొమ్మ గీయడానికి మెమరీ నుంచి ఏ బైట్ తెచ్చుకుంటోందో ప్రాసెసర్‌కి అదే కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ ఉండే రంగు అంచుని గీస్తున్నప్పుడైతే 255 వస్తుంది. 255 అంటే అన్ని బిట్లూ ఒకట్లే. పైకీ కిందికీ కుడికీ ఎడమకీ ఒకేసారి లాగి, కాలుస్తూ కూడా ఉన్నారని అర్థం. జాగ్రత్త తెలిసిన ప్రోగ్రామర్లు మొదట ఆ నంబరుని చాలాసార్లు చదివి చూసేవాళ్లు. నిజంగా జాయ్‌స్టిక్ ఉంటే పై మూడు బిట్లు సున్నాలే కాబట్టి విలువ ఎప్పుడూ 31 దాటదు. ఒక్కసారి దాటినా అక్కడ ఎవరూ లేరని తెలిసిపోతుంది. జాగ్రత్త లేనివాళ్ల ఆటల్లో మాత్రం బొమ్మ తనంతట తానే పరుగులు పెట్టేది.

వేలాడే లైన్ల మీద కనిపించే ఆ బైట్లని కొందరు పనికి పెట్టుకున్నారు కూడా. యూఎల్ఏ ఇప్పుడు తెర మీద ఎక్కడ గీస్తోందో తెలిస్తే, అది వెళ్లిపోయిన చోట బొమ్మ మార్చి, మిణుకు లేకుండా కదిలించవచ్చు. ఆర్కనాయిడ్ అలా చేసిన ఆట. సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986 ఏప్రిల్‌లో ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకి కొనుక్కుంది. తర్వాత ఆ కంపెనీ తెచ్చిన ప్లస్3, ప్లస్2ఏ యంత్రాల్లో లోపలి అమరిక మారింది. ఆ లైన్ల మీద మునుపటిలా బైట్లు కనిపించడం మానేశాయి. ఎప్పటికీ రాని కబురు కోసం ఎదురు చూస్తూ ఆ ఆట అక్కడే నిలబడిపోయింది. రాసి ఇవ్వని హామీని నమ్ముకున్న ఆట అది. అంత మాత్రాన దాన్ని రాసినవాళ్లని తప్పుపట్టను. ఉన్న యంత్రాన్ని ఆఖరి చుక్క దాకా పిండుకోవడం అప్పటి ప్రోగ్రామర్ల పని.

నంబర్ల తగువులు ఇంతటితో ఆపి, అంతకన్నా లోతైన తగువు దగ్గరికి వస్తాను. కొన్ని వస్తువులకి పిలిస్తే పలకడం ఒక్కటే సరిపోదు. కంప్యూటర్‌లో పాతుకుపోయిన 16 కిలోబైట్ల చెరగని మెమరీ, అంటే రోమ్, దాన్నే పక్కకి తప్పించి ఆ చోట తాము కూర్చోవాలి. కొత్త ఆజ్ఞలు నేర్పాలంటే అదే దారి. సింక్లెయిర్ ఇంజనీర్లు దీనికి ఒక ముచ్చటైన ఏర్పాటు చేశారు. రోమ్‌ని మేల్కొలిపే లైనుకీ రోమ్‌కీ మధ్య 680 ఓముల నిరోధకం ఒకటి పెట్టి, రోమ్ వైపు కొసని వెనక కనెక్టర్ మీదికి తెచ్చారు. యూఎల్ఏ ఆ నిరోధకం గుండా మెల్లగా లాగుతుంది. బయటి వస్తువు గట్టిగా లాగితే దానిదే గెలుపు. రోమ్ నిద్రపోతుంది, ఏదీ కాలిపోదు. ఇంటి పెద్ద చేతికర్రని వదులుగా పట్టుకుని, కావలసినవాడు తీసుకోనీ అని నిలబడ్డట్టు ఉంటుంది. ఒక చిన్న నిరోధకంతో అంత పని చేయించిన ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇంటర్‌ఫేస్ 1 ఈ ఏర్పాటుని వాడుకున్న తీరు చూడండి. బేసిక్ భాషలో మీరు ఒక తెలియని ఆజ్ఞ ఇస్తే కంప్యూటర్ తప్పు చెప్పడానికి 8వ అడ్రస్‌కి వెళుతుంది. ఇంటర్‌ఫేస్ 1 అక్కడ కాపు కాస్తూ ఉంటుంది. ప్రాసెసర్ 8ని చేరగానే అసలు రోమ్‌ని తప్పించి తన రోమ్‌ని ముందుకి తెస్తుంది. నువ్వు తప్పు అనుకుంటున్నది నా మైక్రోడ్రైవ్ ఆజ్ఞ కావచ్చు, ముందు నన్ను చూడనీ, అంటుంది. తనదైతే పని చేసిపెడుతుంది, కాకపోతే తప్పుకుని తప్పుని తప్పుగానే చెప్పనిస్తుంది. పాత రోమ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా భాషని పెంచారు.

చిక్కేమిటంటే ఆ 8వ అడ్రస్ అందరికీ ముద్దొచ్చే చోటు. 2002లో చెక్ దేశంలో పుట్టిన డివ్‌ఐడీఈ అనే ఇంటర్‌ఫేస్ స్పెక్ట్రమ్‌కి హార్డ్ డిస్క్ తగిలించనిచ్చింది. తర్వాత దాని బాటలోనే ఎస్‌డీ కార్డు పెట్టుకునే డివ్‌ఎంఎంసీ వచ్చింది. ఇవీ 8 దగ్గరే కాపు కాస్తాయి. ఇంటర్‌ఫేస్ 1తో కలిపి పెడితే ఇద్దరు కాపలాదారులు ఒకేసారి లేచి, ఒకేసారి రోమ్‌ని పక్కకి నెట్టి, ఒకేసారి డేటా లైన్ల మీద రెండు వేరు వేరు కథలు చెప్పడం మొదలుపెడతారు. తప్పించమని అడిగే లైను ఉంది గానీ, ఇప్పటికే ఒకరు అడిగారు, నువ్వు ఆగు అని చెప్పే లైను లేదు. స్పెక్ట్రమ్ అమరికలో నాకు నిజమైన లోటుగా కనిపించేది ఇదొక్కటే. నంబర్లు చాలకపోవడం దీని ముందు చిన్న విషయం.

ఆమ్‌స్ట్రాడ్ యంత్రాల్లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ప్లస్3, ప్లస్2ఏలలో రోమ్ చిప్పులు రెండయ్యాయి. వెనక కనెక్టర్ మీద పాత లైను తీసేసి, వేరే చోట రెండు చిప్పులకీ రెండు కొత్త లైన్లు పెట్టారు. దాంతో రోమ్‌ని తప్పించే పాత వస్తువులన్నీ, స్వయానా సింక్లెయిర్‌వారి ఇంటర్‌ఫేస్ 1తో సహా, అక్కడ పనికి రాకుండా పోయాయి. రొమాంటిక్ రోబో అనే సంస్థ చేసిన మల్టీఫేస్ అప్పటికే బాగా పేరున్న పరికరం. ఎర్ర మీట నొక్కితే ఏ ఆటనైనా ఉన్నచోట ఆపి, మెమరీ మొత్తం దాచిపెట్టుకోనిచ్చేది. వాళ్లు కొత్త యంత్రాల కోసం మల్టీఫేస్ 3 అని విడిగా ఇంకోటి చేయాల్సి వచ్చింది.

మల్టీఫేస్ అంటే గుర్తొచ్చింది. ఆ ఎర్ర మీట వాడుకునేది జడ్80కి ఉన్న ఒక ప్రత్యేకమైన లైనుని. దాన్ని కదిపితే ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా వదిలేసి 102వ అడ్రస్‌కి పోయి తీరాలి. నిజానికి స్పెక్ట్రమ్ రోమ్‌లో అక్కడ ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. 23728వ అడ్రస్‌లో వాడకందారు రాసిపెట్టుకున్న చోటుకి వెళ్లాలని దాని ఉద్దేశం. ఆ చోటు సున్నా అయితే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. రాసినవాళ్లు షరతుని తిరగేశారు. సున్నా కాకపోతే వెనక్కి వస్తుంది, సున్నా అయితేనే అక్కడికి దూకుతుంది. సున్నాకి దూకడమంటే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి లేవడమే. 40 అనే బైట్ ఉండాల్సిన చోట 32 ఉంది, అంతే తేడా. ఆ ఒక్క బైట్ వల్ల ఇంటింటా ఉండాల్సిన సౌకర్యం పోయింది. మల్టీఫేస్ ఆ 102 దగ్గర రోమ్‌నే తప్పించి తన ప్రోగ్రాంని పెట్టింది కాబట్టి సరిపోయింది.

పోట్లాట లేకుండా ఒకే నంబరుని ఇద్దరు పంచుకున్న ఉదాహరణ కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. బ్రిటన్‌లోనే పుట్టి, తర్వాత సోవియట్ దేశంలోని స్పెక్ట్రమ్ నకళ్లలో చాలావాటికి ప్రాణమైన బీటా డిస్క్ ఇంటర్‌ఫేస్ 31, 63, 95, 127, 255 నంబర్లు తీసుకుంది. అన్నీ పుస్తకం చెప్పిన వరుసలోవే. అందులో 31 కెంప్‌స్టన్‌ది కూడా. మరి రెండూ ఒకే యంత్రంలో ఎలా బతికాయి? బీటా తన నంబర్లని ఎప్పుడూ తెరిచి ఉంచదు. డిస్క్‌ని నడిపే టీఆర్ డాస్ రోమ్ ముందుకి వచ్చినప్పుడే ఆ పోర్టులు పలుకుతాయి. ఆ రోమ్ పక్కకి తప్పుకోగానే అవీ మౌనం వహిస్తాయి. అప్పుడు 31 మళ్లీ జాయ్‌స్టిక్‌ది. ఒకే అరుగు మీద పొద్దున పాలవాడు, సాయంత్రం పూలమ్మి కూర్చున్నట్టు. మాస్కోలో తయారైన పెంటగాన్ లాంటి యంత్రాల మీద ఏళ్ల తరబడి జనం డిస్క్ నుంచి ఆట ఎక్కించుకుని, జాయ్‌స్టిక్‌తో ఆడుకున్నారు. ఆ రెండిటి నంబరు ఒక్కటేనని చాలామందికి తట్టి కూడా ఉండదు.

స్పెక్ట్రమ్ కాలంలోనే, బ్రిటన్‌లోనే ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోని వేరే తరహాలో కట్టింది. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన బడుల్లోకి వచ్చిన కంప్యూటర్ అదే. ఆ యంత్రాన్ని బళ్లో చూసిన తరం మనలో ఉంది. అందులో బయటి వస్తువుల కోసం 64512వ అడ్రస్ నుంచి 256 చోట్లు ఒక పేటగా కేటాయించి, ఫ్రెడ్ అని ముద్దుపేరు పెట్టారు. ఫలానా చోట్లు ఫలానా రకం పరికరానికి అని కంపెనీయే పంచి పెట్టింది. దాని ధర స్పెక్ట్రమ్ కన్నా రెట్టింపు పైమాట. ఆ తేడాలో కొంత ఈ క్రమశిక్షణ ఖరీదే. అక్కడా చిక్కులు లేకపోలేదు. ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తూ, బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం 1 మెగాహెర్ట్జ్‌కి తగ్గాలి. ఆ తగ్గే క్షణంలో లైన్ల మీద చిన్న తప్పుడు కుదుపులు వస్తాయి. వాటిని తుడిచే సర్క్యూట్ తగిలించే వస్తువులోనే ఉండాలి.

అడ్రస్‌ల గురించి ఎంత రాసినా, అసలు ఎక్కువ యంత్రాలు చచ్చిపోయింది అడ్రస్‌ల వల్ల కాదు, చేతి తొందర వల్ల. స్పెక్ట్రమ్‌కి ముందు 1981లో వచ్చిన జడ్‌ఎక్స్81లో ఉన్నది 1 కిలోబైట్ మెమరీ. 16 కిలోబైట్ల పెట్టెని వెనక తగిలించుకునేవాళ్లు. అది కనెక్టర్ మీద ఊగేది. టైపు చేస్తూ బల్లని కొంచెం కదిపితే రాగి పట్టీ ఒక్క లిప్త కాలం వదిలేది. అంతే, గంటసేపు కొట్టిన ప్రోగ్రాం మాయం. మెత్తటి బంక ముద్దలు పెట్టి అతికించుకున్నవాళ్లు ఎందరో.

స్పెక్ట్రమ్‌లో ఆ తొందరకి శిక్ష ఇంకా పెద్దది. లోపలి కింది 16 కిలోబైట్ల మెమరీ 4116 అనే చిప్పులతో చేశారు. వాటికి 5 వోల్టులు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు, మూడూ కావాలి. 9 వోల్టుల అడాప్టర్ నుంచి ఆ పన్నెండునీ మైనస్ అయిదునీ పుట్టించేది ఒక చిన్న సర్క్యూట్, దానిలో ముఖ్యమైనది టీఆర్4 అనే ఒక ట్రాన్సిస్టర్. కరెంటు ఉండగానే ఇంటర్‌ఫేస్‌ని పీకినా, గుచ్చినా, పట్టీలు ఒకదానికొకటి తగిలి ముందుగా పోయేది అదే. అది పోతే మైనస్ 5 పోతుంది. మైనస్ 5 లేకుండా 12 వోల్టులు వస్తే 4116 చిప్పులు నిలవవు. అర సెకను తొందరకి ఒక ట్రాన్సిస్టరూ ఒక వరస మెమరీ చిప్పులూ బలి. నేను వారానికి ఒకసారి ఆ అంచుని మెత్తటి పెన్సిలు రబ్బరుతో తుడుస్తాను. దాని మీద రాగి నల్లబడితే రబ్బరుకి నల్లటి గీత అంటుకుంటుంది. అది అంటుకోవడం మానేదాకా తుడిచి, ప్లగ్గు పీకి ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసి, అప్పుడు గుచ్చుతాను. ఇంకో మాట. ఆ 9 వోల్టుల ప్లగ్గు మధ్య పిన్ను మైనస్. ఈ రోజు బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి మధ్య పిన్ను ప్లస్. చూసుకోకుండా గుచ్చకండి.

మౌస్ ఇప్పుడు నడుస్తోంది, పక్కన జాయ్‌స్టిక్ ఉన్నా సరే. తర్వాత తగిలించాలనుకుంటున్నది ఎస్‌డీ కార్డు పెట్టె, ఆ డివ్‌ఎంఎంసీయే. తగిలించే ముందు కాగితం మీద లెక్క వేసుకోవడం ఈ మధ్య అలవాటైంది. తన మెమరీ గదులు మార్చుకోవడానికి అది వాడే నంబరు 227. ఒకటి కలిపితే 228, ముప్పై రెండుతో తెగదు. బిట్లుగా రాస్తే 11100011. మధ్యలో మూడు సున్నాలు, ఎ4, ఎ3, ఎ2. ఎ4, ఎ3 ఇంటర్‌ఫేస్ 1వి. ఎ2 ప్రింటర్‌ది. నా ప్రింటర్ లోహపు పూత ఉన్న కాగితాన్ని నిప్పురవ్వలతో కాల్చి అక్షరాలు దిద్దే పాత సింక్లెయిర్ ప్రింటర్. దానికి పంపే బైట్‌లో ఒక బిట్ సున్నా అయితే మోటారు తిరుగుతుంది, ఇంకో బిట్ ఒకటి అయితే కాల్చే సూదికి కరెంటు వెళుతుంది. కార్డు పెట్టె తన గది మార్చుకోవడానికి ఒక సున్నా పంపిందంటే, అది తనకేననుకుని ప్రింటర్ కాగితం లాగడం మొదలుపెడుతుంది. ప్రింటర్‌ని విప్పి, దాని చుట్ట కాగితంతో సహా అలమారలో పెట్టాను. కార్డు పెట్టెని బల్ల మీద ఉంచి, రబ్బరు కోసం వెతుకుతున్నాను.